ఒకటి బై నాలుగు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్కల టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషికి బోలెడు తీరిక ఉంటుందని వాళ్ళ నమ్మకం. వచ్చినవాళ్ళు అడిగేవాటిలో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. పదో తరగతి పిల్లలకు సరళరేఖ వాలు ఎట్లా చెబితే తలకెక్కుతుంది మేడం అని. సూత్రం అందరికీ వస్తుంది, లెక్క అందరూ చేస్తారు, వచ్చిన జవాబు దేని గురించో మాత్రం ఒక్కరికీ తెలియదు.

వాళ్ళకు ఏదో ఒకటి చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాను. నిజానికి ఆ పాఠాన్ని నేను ఒకసారి చాలా బాగా చెప్పాను. నా ఉద్యోగం మొత్తంలో అంతకంటే మంచి పాఠం చెప్పలేదు. కానీ దాన్ని తలచుకుంటే మనసు బాగుండదు. అందుకే ఎదురుగా కూర్చున్నవాళ్ళకు చెప్పలేను. రాయడం కొంత నయం.

వరంగల్ అంచున ఒక సర్కారు హైస్కూలు. మా పిల్లల్లో సగం మంది మగ్గాల మీద, పవర్‌లూముల మీద బతికే ఇళ్ళ నుంచి, మిగతావాళ్ళు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో వేలాడుతూ వచ్చేవాళ్ళు. బడి పాత కట్టడం. వరండా నేలకంటే బాగా ఎత్తులో ఉండేది, ఎక్కడానికి రాతి మెట్లు. కింద వరుసలో ఉన్న గదులు ఎప్పుడైనా కూలవచ్చని తాళాలు వేశారు. కాబట్టి అన్ని తరగతులూ ఆ మెట్లెక్కే పోవాలి.

ఆ ఏడు పదో తరగతిలో ఒక అమ్మాయి చక్రాల కుర్చీలో వచ్చేది. పసితనంలో వచ్చిన జ్వరానికి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. వాళ్ళ నాన్న పవర్‌లూం కార్ఖానాలో పనిచేసేవాడు. డ్యూటీకి పోతూ బిడ్డను గేటు దాకా తోసుకొచ్చి వదిలేవాడు. గేటు నుంచి మెట్ల వరకు ఆ పిల్ల తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ వచ్చి, అక్కడ ఆగేది. క్లాసు పిల్లలు నలుగురు కుర్చీని ఎత్తి పైన పెట్టేవాళ్ళు. ఆ నలుగురికీ పెద్ద, వాళ్ళ వాడకట్టులోనే ఉండే ఒక పొడుగాటి అమ్మాయి.

"రేపటి సంది జర తక్కువ తినే, చేతులు గుంజుతానయ్" అని ఆ పొడుగు పిల్ల అనేది.

"నీయి చేతులే గుంజుతానయ్. ఎప్పుడు పడేస్తరో అని నా పానమే గుంజుతాంది" అని కుర్చీలో పిల్ల అనేది.

ఈ మాటలు రోజూ ప్రార్థనకు ముందు నాకు వినిపించేవి. వినిపించకపోతే ఇవాళ ఆమె రాలేదని తెలిసేది.

లెక్కల్లో ఆమె మహా చురుకైనదని రాస్తే అబద్ధమవుతుంది. మధ్యరకం. కానీ అర్థం కానిదానికి తల ఊపేది కాదు. వాలు పాఠం మొదలుపెట్టిన రోజు రెండు బిందువులు ఇచ్చి లెక్క చేయమన్నాను. అందరికీ మూడు బై నాలుగు వచ్చింది. "ఈ మూడు బై నాలుగు అంటే ఏమిటి?" అని అడిగాను. ముందు బెంచీలోంచి ఒకడు లేచి, "ఆన్సర్ మేడం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు ఆగిన తర్వాత ఆమె చేయెత్తింది.

"గీత నిలవడ్డదా పండుకున్నదా అన్నది గా నంబర్ల ఎట్ల కనవడ్తది మేడం?"

నంబరు పెద్దదైతే గీత ఎక్కువ నిటారుగా ఉంటుందని చెప్పాను.

"ఎంత పెద్దగైతే ఎంత నిటారు?"

నేను మళ్ళీ సూత్రమే చెప్పాను. ఎన్నో ఏళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాను. ఆమె "మంచిది మేడం" అని చేయి దించింది. ఆ "మంచిది" నాకు గుచ్చుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బడికి ర్యాంపు మంజూరైంది. కాంట్రాక్టరు వచ్చి, మెట్లలో సగం తీసేసి, ఆ చోట ఇటుకలు పేర్చి, మట్టి నింపి, పైన సిమెంటు వేయించాడు. ఈ పిల్ల కోసమే అడిగి అడిగి తెప్పించినది మా హెడ్మాస్టరు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, మెత్తని మాట, ఎవరితోనూ గొడవ పెట్టుకోరు. ఆయన్ను మేం స్టాఫ్ రూములో పిరికివాడనే అనుకునేవాళ్ళం. ఆ ర్యాంపు కోసం ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో అప్పట్లో మాకెవరికీ పట్టలేదు.

సిమెంటు ఆరిన తర్వాత ఒక శనివారం క్లాసు మొత్తాన్ని బయటికి తీసుకుపోయాను. టేపు పిల్లల చేతికిచ్చి, "ఇది గీత అనుకోండి. దీని వాలు చెప్పండి" అన్నాను.

ఒకడు టేపును ర్యాంపు మీదనే పరిచి పైనుంచి కిందికి కొలవబోయాడు. కుర్చీలోంచి ఆమె ఆపింది. "మీద మీద కాదురా, కింద నేల మీద కొలువు. ఎంత ముందుకు పోయినం, ఎంత మీదికి ఎక్కినం, గా రెండే కావాలె." పైకి రెండున్నర అడుగులు, ముందుకు పది అడుగులు. ఒకటి బై నాలుగు. సగం దూరంలో ఒక ఇటుక పెట్టి అక్కడ కొలవమన్నాను. ఐదు అడుగులకు అడుగుంబావు. మళ్ళీ ఒకటి బై నాలుగు. "యాడ కొలిచినా గంతేనా మేడం?" అని ఒక పిల్లాడు మరో చోట కొలుచుకున్నాడు, నమ్మకం కుదరక ఇంకో చోట కూడా. నేను నోరు విప్పలేదు. పాఠం తనంతట తాను నడిచిపోతోంది.

తర్వాత ఆమె ఎక్కి చూసింది. తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ కొంచెం దూరం పోయింది, ఆగిపోయింది. కుర్చీ ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. పొడుగు పిల్ల వెనక నుంచి పట్టుకుంది.

"ముందర లేస్తాంది మేడం, ఎన్కకు పడేటట్టున్న" అంది ఆమె.

ఇద్దరు వెనక నిలబడి తోస్తే పైకి చేరింది. ఆ సంగతి నేనూ కళ్ళారా చూశాను.

చక్రాల కుర్చీ మనిషి ఒంటరిగా ఎక్కాలంటే వాలు ఒకటి బై పన్నెండుకు మించకూడదని నిబంధన ఉంది. అది చెప్పాను. పిల్లలు అక్కడే నేల మీద కూర్చుని లెక్క వేశారు. రెండున్నర అడుగుల ఎత్తుకు ముప్పై అడుగుల పొడవు కావాలి. గ్రాఫు కాగితం మీద ఒకే బిందువు నుంచి రెండు గీతలు గీయించాను. ఒకటి మా ర్యాంపు, ఒకటి ఉండవలసిన ర్యాంపు. క్లాసు కాసేపు ఆ రెండింటినీ చూస్తూ ఉండిపోయింది.

"అంటే గా నంబరు తగ్గినకొద్ది దీని చేతులకు సుకూన్ అన్నట్టు" అంది పొడుగు పిల్ల.

"దిగేటప్పుడు మైనస్ అయితది కదా మేడం" అన్నాడు "ఆన్సర్" అన్న పిల్లాడు.

"మైనస్‌ల ఇంకా భయం" అంది ఆమె, కుర్చీ బ్రేకు మీద చేయి వేసి.

ఆ రోజు ఇంటికి పోతుంటే బస్సులో నాకు నేనే నవ్వుకున్నాను. పాఠం అర్థమైన క్లాసు ముఖం ఎట్లా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

సోమవారం ఆ గ్రాఫు కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గదికి పోయాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూశారు.

"లెక్క కరెక్టే మేడం" అన్నారు. "ముప్పై అడుగులు కావాలంటే మలుపు తిప్పి కట్టాలె. మనకు వచ్చిన పైసలే గింత. ఆఫీసు వాళ్ళకు ర్యాంపు అని ఒకటి ఉంటే చాలు."

"ఉంటే చాలదు కదా సార్. ఆమె ఒక్కతే ఎక్కలేకపోతే ర్యాంపు ఎందుకు?"

"ఇద్దరు తోస్తే ఎక్కుతాంది కదమ్మా. ఈ యేడు గడవనీ. పగలగొట్టిచ్చుడు అల్కగ ఉంటది, మల్ల కట్టిచ్చుడే కష్టం."

నేను గది బయటికి వచ్చి తెలుగు పండితుడితో, "మన సారు మారరు" అన్నాను. ఆయన, "మారేవారైతే ఇన్నేళ్ళు హెడ్మాస్టరుగా ఉండేవారా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ర్యాంపు ప్రారంభానికి జిల్లా నుంచి ఒక అధికారి వచ్చారు. పిల్లలు తమ గ్రాఫును పెద్ద చార్టుగా గీసి, రంగులు వేసి వరండా గోడకు అంటించారు. నేను అంటించమనలేదు, తీయమనీ అనలేదు. తీయమంటే తీసేవాళ్ళు. హెడ్మాస్టరు దాన్ని చూసి నా వంక చూశారు. అధికారి కొబ్బరికాయ కొట్టి, తలెత్తి, "ఇదేమిటి?" అని అడిగారు. పొడుగు పిల్ల ముందుకొచ్చి బెరుకు లేకుండా చెప్పింది. ఎత్తు ఎంత, దూరం ఎంత, వాలు ఎంత, ఎంత ఉండాలి. ఆయన ఇంజనీరింగు చదివినవారట, ముఖం వెలిగిపోయింది. తానే టేపు తెప్పించుకుని కొలిచారు. తర్వాత కుర్చీలో ఉన్న పిల్ల దగ్గరికి పోయి వంగి అడిగారు.

"ఒక్కదానివే ఎక్కగలవా అమ్మా?"

"ఒక్కదాన్నయితే ఎక్కలేను సార్" అంది ఆమె.

అది నిజం. అడిగినదానికి అదే జవాబు. ఆయన కాంట్రాక్టరు వైపు తిరిగి, ఈ వాలు పనికిరాదు, ఇది తీసేసి నిబంధన ప్రకారం కట్టాలి, అప్పటిదాకా బిల్లు ఆపండి అని చెప్పారు. "నాకు ఇచ్చిన కొలత గిదే సార్" అని కాంట్రాక్టరు గొణిగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అధికారి నాతో చేయి కలిపి, పాఠం అంటే ఇట్లా చెప్పాలి మేడం అన్నారు. మర్నాడు పేపర్లో మా బడి గురించి చిన్న వార్త కూడా వచ్చింది. నా ఉద్యోగంలో అంత గర్వపడిన రోజు మరొకటి లేదు. ఆ మాట దాచుకోవలసిన పనీ లేదు.

ఆ వారమే కూలీలు వచ్చి ర్యాంపును పగలగొట్టారు. పగలగొడుతుంటే దానికి ఆనుకుని మిగిలిన మెట్లు కూడా కదిలి పక్కకు ఒరిగాయి. వాటినీ తీసి కుప్ప పోశారు. రేపు వస్తాం అని పోయినవాళ్ళు మళ్ళీ రాలేదు. కాంట్రాక్టరు ఫోనెత్తలేదు. ఆఫీసుకు పోతే కొత్త అంచనా వేయాలన్నారు, వేస్తే మంజూరు కావాలన్నారు. నేను పోయాను, హెడ్మాస్టరు పోయారు, ఇద్దరం కలిసి పోయాం. చార్టు చూసి మెచ్చుకున్న అధికారికి వేరే జిల్లాకు బదిలీ అయింది.

వరండా ముందు ఇటుక ముక్కల కుప్ప మిగిలింది. మిగతా పిల్లలకు అదో ఆట, ఎగిరి దూకి ఎక్కేవాళ్ళు. ఆమె ఎట్లా ఎక్కాలి? మెట్లున్నప్పుడు నలుగురు ఎత్తేవాళ్ళు, కాలు పెట్టడానికి చోటుండేది. ఇప్పుడు అదీ లేదు. హెడ్మాస్టరు రెండు బండరాళ్ళు పెట్టించి, ఎక్కడి నుంచో వెడల్పాటి చెక్క తెప్పించి వాటి మీద వేయించారు. పొద్దున ఆయనే దగ్గర నిలబడి చెక్కను కాలితో అదిమి పట్టేవారు. ఆ చెక్క వాలు ఎంతని ఎవరూ కొలవలేదు. కొన్నాళ్ళు నా పీరియడ్ కిందనే, ఆరుబయట చెప్పాను. కానీ రోజంతా అట్లా నడవదు, మిగతా సబ్జెక్టులకు బోర్డు కావాలి.

చలికాలంలో ఒక పొద్దున హెడ్మాస్టరు మీటింగుకు పోయారు. పిల్లలు తామే చెక్క మీద నుంచి కుర్చీ తోశారు. చెక్క జరిగింది. కుర్చీ పక్కకు ఒరిగి ఆమె ఇటుకల మీద పడింది. నేను పరుగున పోయేసరికి పొడుగు పిల్ల ఏడుస్తోంది, పడిన పిల్ల ఏడవడం లేదు. కుడి మణికట్టు పట్టుకుని, "ఇది విరిగింది మేడం, నాకు తెలుస్తాంది" అంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. విరిగిందనే చెప్పారు. పిండికట్టు వేశారు. మనకు మణికట్టు విరిగితే చేయి ఒకటి పనిచేయదు. ఆమెకు చేయి విరగడమంటే కాలు విరగడమే. చక్రం తిప్పుకోవడం కుదరదు, తనంతట మంచం నుంచి కుర్చీలోకి జరగడమూ కుదరదు.

తర్వాతి వారం వాళ్ళింటికి పోయాను. సందులో అటూ ఇటూ పవర్‌లూముల చప్పుడు, మాట వినపడాలంటే దగ్గరికి జరిగి కూర్చోవాలి. వాళ్ళమ్మ నాకు కుర్చీ వేసి, తాను గడప దగ్గర కూర్చుంది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"మా పిల్ల పేరు పేపర్ల వచ్చిందని వాడకట్టంత చెప్పుకున్నం మేడం" అంది. "మీరు మంచికే చేసిండ్రు. నేను కాదంటలేను. గని ఇగ బడికి తోలియ్య. ఉన్నయే రెండు చేతులు. గవ్వి కూడ పోతె నేను పోయినంక దాన్ని ఎవలు చూస్తరు?"

ఇంటికి వచ్చి చెబుతానన్నాను. ఆమె తల్లి వద్దనలేదు. కొన్నిసార్లు పోయాను కూడా. ఆ పిల్ల ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటూ ఉండేది. లెక్కలు చెబితే వినేది, ప్రశ్నలు మాత్రం అడగడం మానేసింది. "అర్థమైందా?" అంటే "అయింది మేడం" అనేది. అంతకుముందు ఆమె ఆ మాట అంత త్వరగా అనేది కాదు.

మార్చి నాటికి కట్టు విప్పారు. పరీక్ష రాసింది, పాసైంది. మార్కులు అంతంతమాత్రం. ఆ ఏడు ప్రశ్నపత్రంలో వాలు మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పొడుగు పిల్ల ఇంటర్‌లో చేరింది. ఈమెను కాలేజీకి పంపలేదు. కాలేజీ మొదటి అంతస్తులో ఉందని వాళ్ళ నాన్న పోయి చూసి వచ్చాడట.

ఆ వేసవిలో హెడ్మాస్టరు రిటైరయ్యారు. సన్మానం అయిపోయి అందరూ పోయాక, శాలువా మడత పెట్టుకుంటూ ఉన్నారు. మీరు ముందే చెప్పారు సార్, నేను వినలేదు అన్నాను. ఆయన శాలువాను సంచిలో పెట్టుకున్నారు.

"మీరు చెప్పిందే న్యాయం మేడం. నేను భయస్తున్ని" అన్నారు. "భయస్తునికి పని ఎక్కడ ఆగిపోతదో ముందుగాలనే తెలుస్తది. గంతే తేడా."

మరి కొన్నాళ్ళకు కొత్త ర్యాంపు వచ్చింది. మలుపు తిప్పి, పక్కన ఇనుప కడ్డీలు పెట్టి, ముప్పై అడుగులు, ఒకటి బై పన్నెండు. చక్కని పని. అప్పటికి బడిలో చక్రాల కుర్చీ పిల్లలు ఎవరూ లేరు. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు దాని మీద తేలిగ్గా పైకి పోయేవి. నేను రిటైరయ్యేవరకు ఏటా దాని మీదనే వాలు పాఠం చెప్పాను. పిల్లలకు బాగా అర్థమయ్యేది. ఆ ర్యాంపు ఎట్లా వచ్చిందని ఒక్క పిల్లాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మొన్న చలికాలంలో పెన్షన్ కోసం, బతికే ఉన్నానని ఇచ్చే సర్టిఫికెట్ పనిమీద కాశిబుగ్గ వైపు ఒక ఆన్‌లైన్ సెంటర్‌కు పోయాను. నా ఈడు వాళ్ళే వరుసలో నిలబడి ఉన్నారు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఆమె తలెత్తి చూసి, "మేడం, మీరా? కూర్చోండ్రి" అంది. మొహం నిండింది, కళ్ళద్దాలు వచ్చాయి. షాపు బయట మూడు చక్రాల స్కూటర్ ఆగి ఉంది, ఆమెదే. అమ్మానాన్నల సంగతి అడిగాను. నాన్నకు చూపు తగ్గిందని, కార్ఖానా మానేశాడని, ఇల్లు తన మీదనే నడుస్తోందని చెప్పింది. నా ఆధార్ నంబరు కొడుతూ, చూపు తెర మీద నుంచి తీయకుండా, "కొత్త ర్యాంపు మంచిగ అయిందట కదా మేడం" అంది.

"అయింది. నీకు పనికిరాలేదు" అన్నాను.

ఆమె వేళ్ళు ఆగాయి. కోపం ఏమీ కనిపించలేదు. ఎప్పటి నుంచో తేల్చుకుని పెట్టుకున్న లెక్కలాగా చెప్పింది.

"పాతదాని మీద ఇద్దరు తోస్తె ఎక్కుతుంటి కదా మేడం. నాకు మార్చి దాంక కావాలె, గంతే. లెక్క మీరు కరెక్టే చేసిండ్రు. ఆ సార్ కూడ కరెక్టే అడిగిండు. నన్ను మాత్రం ఎవ్వలు, గిది ఉంచాల్నా తియ్యాల్నా అని అడగలే. అడిగితె ఉండనియ్యుండ్రి అంటుంటి." కాస్త ఆగి, "అందరికి ఇంకో యేడు ఉండె మేడం. నాకు బడి గా ఒక్క యేడే ఉండె" అంది.

నేను చెప్పాలనుకున్న మాట ఒకటుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ మాటను ఎట్లా మొదలుపెట్టాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. అది నోటి దాకా వచ్చేలోపే ఆమె వేలిముద్ర యంత్రాన్ని నా ముందుకు జరిపింది.

"వేలు పెట్టుండ్రి మేడం. గట్టిగ నొక్కకుండ్రి, ఊకె ఆనియ్యుండ్రి."

మొదటిసారి పడలేదు. వేలు గుడ్డతో తుడిచి, నా చేయి తన చేత్తో పట్టుకుని సరిగ్గా ఆనించింది. ఆ కుడి మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. యంత్రం మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. ఆమె తెర వైపు చూసి, "అయింది మేడం. ఇగ యేడాది దాంక మీకు ఫికర్ లేదు" అని కాగితం నా చేతికిచ్చింది.

నేను అక్కడే నిలబడ్డాను. వెనకున్న పెద్దమనిషి జర జరగమన్నాడు.